టీచరమ్మ పెరట్లో కాలిన గడ్డి

జిగురక్కను అసలు పేరుతో అత్తవారింట్లో కూడా ఎవరూ పిలవరు. ఇళ్ల పెరళ్లలో పరిచిన ప్లాస్టిక్ గడ్డి చిరిగినా, ఊడినా, కుక్కలు పీకినా అతుకు వేయడం ఆమె పని. మొదట్లో ఆ పని ఆమె మొగుడూ మరిదీ చేసేవాళ్లు. పెద్దవాడికి నడుము పడిపోయింది. చిన్నవాడు వేరే పనిలో కుదురుకున్నాడు. వ్యానూ పనిముట్లూ తోడికోడళ్ల చేతికొచ్చాయి. చిన్నకోడలు వ్యాను నడుపుతుంది, దానికంటే వేగంగా నోరు నడుపుతుంది. జిగురక్క మోకాళ్ల మీద కూర్చుని కోస్తుంది, అతికిస్తుంది. ఈమధ్య ఒకసారి కూర్చుంటే లేవడానికి గోడో, తోడికోడలి భుజమో కావలసి వస్తోంది.

ఆ రోజు పొద్దున్నే టీచరమ్మ ఫోను చేసింది. "మళ్లీ కాలిందమ్మా. అదే చోట."

జిగురక్కకు ప్రాణం ఉసూరుమంది. అక్కడ అప్పటికే రెండుసార్లు అతుకు వేసింది.

వెళ్లి చూస్తే, పోచలన్నీ కరిగి, కారిన కొవ్వొత్తిలా గడ్డకట్టి ఉన్నాయి.

"ఇది ఆయన పనే," అంది టీచరమ్మ, పక్కింటి వైపు గడ్డం ఎగరేసి. ఆ ఇంట్లో రిటైరైన బస్సు డ్రైవరు ఒక్కడే ఉంటాడు. "గోడ మీంచి నిప్పులు పోస్తున్నాడు. మా ఆయన పోయినప్పుడు సొంత అన్నలా నిలబడ్డ మనిషి! ఏం పోయేకాలమో. మాటలు మానేసి నెలలైంది."

"బూడిద కనపడదేం మేడం?" అంది చిన్నకోడలు.

"ఊడ్చేస్తాడేమో!"

"ఆ వయసులో గోడ దూకొచ్చి ఊడ్చి పోతాడా?"

జిగురక్క ఆమెను మోచేత్తో పొడిచింది. "మనకెందుకే. పని చూడు."

కాలిన ముక్క కోసి తీశారు. అడుగున పట్టీ పరిచి, జిగురు పూసి, కొత్త ముక్క అతికించి, చుట్టూ అంచుల మీద ఇసుక మూటలు పెట్టారు. ఇక జిగురు ఆరేదాకా చేసేదేమీ లేదు. టీచరమ్మ లోపలికెళ్లింది. చిన్నకోడలు వ్యాను సర్దడానికి పోయింది. పెరడంతా ఇంటి నీడ పడింది. ఒక్క నిమిషం నడుం వాల్చుదామని జిగురక్క ఆ అతుకు మీదే ఒరిగి, మూట మీద తల పెట్టింది. తెల్లవారకముందు మొదలైన వంట, మొగుడి నడుముకు కాపడం, నిన్నటి పని తాలూకు నొప్పులు, అన్నీ కలిసి ఆమె కళ్లు మూసేశాయి.

మెడ మీద వాత పెట్టినట్టయి మెలకువ వచ్చింది. లేవబోతే మోకాళ్లు మొరాయించాయి.

"ఏమే! రావే! కాలిపోతున్నా!"

ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. "పోశాడా?" అంటూ టీచరమ్మ గోడ వైపు చూసింది. అక్కడెవరూ లేరు. నీడ మధ్యలో, జిగురక్క మెడ మీద మాత్రం తెల్లటి వెలుగు చార ఒకటి పడి ఉంది. చిన్నకోడలు అరచెయ్యి అడ్డం పెట్టి చటుక్కున లాక్కుంది. ముగ్గురూ తలెత్తి చూశారు. పక్కింటి మేడ మీద కొత్త కిటికీ అద్దం ఎండకు భగభగలాడుతోంది.

టీచరమ్మ మెట్టు మీద కూలబడింది. "గది వేడెక్కకుండా ఎండను వెనక్కి కొడతాయని కిందటి ఎండాకాలం వేయించుకున్నాడు ఆ అద్దాలు," అంది మెల్లగా.

"వెళ్లి చెప్పండి మేడం."

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను? నడివీధిలో నిలబెట్టి కడిగేశాను."

జిగురక్కకు ఇంటికి పోయి పడుకోవాలని ఉంది. కానీ చెప్పకపోతే మళ్లీ ఇక్కడే మోకాళ్లు వెయ్యాలి. తడిగుడ్డ మెడకు చుట్టుకుని, తోడికోడలి భుజం పట్టుకుని వెళ్లి పక్కింటి తలుపు కొట్టింది.

డ్రైవరు అంతా విని ఆమె మెడ వంక చూశాడు. "నా కిటికీయే చేసిందా ఇది?" అని వెంటనే బయల్దేరి వచ్చాడు. ఆ వెలుగులో చెయ్యి పెట్టి, ఓర్చుకోగలిగినంతసేపు ఉంచాడు. టీచరమ్మ ఆయన నోటి వంకే చూస్తోంది. నాలుగు మాటలంటే పడదామని నిలబడింది. ఆయన చెయ్యి దులుపుకుని తన కిటికీ వంక చూశాడు.

"అన్నయ్యా..." అంది టీచరమ్మ.

"ఇంట్లో పాత దోమల వల ఉంది, కిటికీకి బయటివైపు వేలాడదీస్తాలే. తాడుందామ్మా?"

ఆమె బట్టలారేసే తాడే గబగబా విప్పి, క్లిప్పులతో సహా ఇచ్చేసింది.

వల పడగానే వెలుగు చెదిరిపోయింది. కానీ జిగురక్క పక్కన అప్పటికే ఒక చారెడు గడ్డి కరిగిపోయింది. అంటే మళ్లీ కోయాలి.

"నువ్ కూర్చో అక్కా. నేను కోస్తా," అంది చిన్నకోడలు.

జిగురక్క కాదనలేదు. మెట్టు మీద కూర్చుని చూసింది. ముక్క బాగానే అతుక్కుంది గానీ పోచలు మిగతా గడ్డికి ఎదురుగా వాలి, ఆ మేర రంగు వేరుగా కనపడింది. టీచరమ్మ, డ్రైవరు మాత్రం వంగి చూసి బాగుందన్నారు.

వ్యాను కదిలాక జిగురక్క అంది. "రేపట్నుంచి నువ్వే కొయ్యి. కానీ పోచల వాలు చూసుకో. ఇవాళ తిరగేసి పెట్టావు."

"అయ్యో! మరి అప్పుడే చెప్పొద్దూ?" చిన్నకోడలు బ్రేకు మీద కాలు వేసింది. "వెనక్కి తిప్పనా?"

"ఇప్పుడొద్దే తల్లీ, వచ్చే వారం సరిచేద్దాం. పోనీ," అంది జిగురక్క కళ్లు మూసుకుని.