మూడో అంతస్తులో మీటింగు

మీటింగు మూడో అంతస్తులో పెట్టారు. లిఫ్టు ఉంది, పనిచేయదు. ఊపిరాడనివాళ్ల గోడు వినడానికి మహానుభావులకు ఇంతకన్నా మంచి చోటు దొరకలేదు కాబోలు.

మా ఆయన రాళ్ల మిల్లులో పనిచేసి ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకున్నాడు. మా వీధిలో ఇంటికొకరు అలాంటివాళ్లే. పెద్దాసుపత్రికి బస్సులు మారి వెళ్లాలి, ఆయనేమో బస్టాపు చేరేలోపే ఏదో ఒక గోడ పట్టుకుని నిలబడిపోతాడు. అందుకే ఊపిరి క్లినిక్కు మా వీధిలోనే పెట్టించాలని, మందులివ్వడానికి మా వీధికి వచ్చే నర్సమ్మ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. ఆసుపత్రి, మునిసిపాలిటీ, బడి, మిల్లు, వీధి సంఘాలు కలిసి మా ప్రాంతానికి ఆరోగ్య ప్రణాళిక వేస్తున్నాయి. కింద గుమ్మం దగ్గర మనిషికి మూడు ఎర్ర స్టిక్కర్లు ఇచ్చారు. ముందు ఏది కావాలో పైన గోడ మీది చార్టుల్లో దాని కింద అంటించాలి. ఎక్కువ పడ్డదానికే ఈ ఏటి నిధులు. ఎవరివి వాళ్లే అంటించాలి. మోసం జరగకూడదని నర్సమ్మే ఆ నియమం పెట్టింది.

"నువ్వు పద, నేను మెల్లిగా వస్తా," అన్నాడు మా ఆయన మెట్ల మొదటి మలుపులోనే. వీధివాళ్లు ఆయన వెనకే ఉన్నారు.

పైన, పార్కులో నడకదారి వెయ్యాలన్న చార్టు ముందు ఒకటే జనం. పొద్దున్నే నడిస్తే ఏ రోగమూ రాదని మిల్లు మేనేజరు హెడ్మాస్టరుకు చెబుతున్నాడు. నా స్టిక్కర్లు మూడూ క్లినిక్కు కింద అంటించి గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను. ఎవరూ రాలేదు. అంతలో లెక్క మొదలెట్టబోయారు.

"కాస్త ఆగండి సార్, మావాళ్లు మెట్లెక్కుతున్నారు," అన్నాను.

"అందరికీ ఒకటే టైము కదమ్మా," అన్నాడు మునిసిపల్ ఆఫీసరు. "నిజంగా కావాలనుకునేవాళ్లు ఈపాటికి వచ్చేవాళ్లు."

నాకు ఒళ్లు మండింది. "నిజంగా కావల్సినవాళ్లే సార్ ఎక్కలేనిది!"

నర్సమ్మ లేచింది. "వాళ్ల స్టిక్కర్లు నేను తెచ్చి అంటిస్తాను సార్."

"రూలు పెట్టింది మీరే కదా," అని ఆయన నవ్వాడు. పాపం, ఆవిడ ముఖం మాడిపోయింది. తను తవ్విన గోతిలో తనే పడ్డట్టయింది. లెక్క తేల్చారు, చప్పట్లు కొట్టారు. నడకదారి గెలిచింది.

ఏడుపు దిగమింగుకుంటూ కిందికి దిగాను. రెండో అంతస్తు మలుపు నుంచి కింది దాకా మావాళ్లు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఎవరి ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడే పక్క గోడకు స్టిక్కర్లు అంటించేశారు. ఇవీ లెక్కలో కలుపుకుంటారేమోనని ఆశ.

"కాస్త దారివ్వండి, మెట్ల మీద కూర్చుంటే ఎలా?" అంటూ మేనేజరూ ఆఫీసరూ మమ్మల్ని దాటుకుని దిగిపోయారు.

మా ఆయన గోడకు తల ఆనించి నా వైపు చూశాడు.

"మనది... గెలిచిందా?"

అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. నోరు రాలేదు.

"పార్కులో నడకదారి వేస్తారట."

నవ్వబోయాడు, దగ్గు తెర కమ్మేసింది. అది తగ్గేదాకా వీపు రాస్తూ కూర్చున్నాను.

"నడవడానికా? మంచిదేలే," అన్నాడు చివరికి, నా భుజం పట్టుకుంటూ. "ముందు నన్ను కిందికి దింపు."