అలసంద ముక్కలు

మా అమ్మ జీవమ్మ దాదాపు నాలుగు నెలలు మాంసం ముట్టలేదు. భక్తి ముదిరి కాదు, జీవాల మీద జాలి పుట్టీ కాదు. నీళ్ల కోసం. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు నేను తొలి కానుపుకి పుట్టింటికి వచ్చి ఉన్నాను. మా కిరస్తానీ పేటకు బావి లేదు. మైలు దూరంలో వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన ఉప్పునీళ్లను ముంతతో తోడుకోవాలి. నాకు ముందు పుట్టిన ఇద్దరూ ఆ నీళ్లకే వాంతులూ భేదులూ పట్టి పోయారు. ఊరి మంచినీళ్ల బావేమో మా చర్చి గుమ్మంలో నిలబడితే కనబడేంత దగ్గర.

క్రిస్మస్ అయిన వారానికి పత్తికొండ నుంచి ఖద్దరు కట్టిన ఒకాయన వచ్చి, మనమంతా ఒకటే అని చావడిలో గంటసేపు చెప్పాడు. ఊరి పెద్ద రంగన్న గడ్డం గోక్కుని, "వాళ్లలో ఏ ఇల్లు మాంసం మానేసి శుద్ధంగా ఉంటే ఆ ఇంటిని బావి తాకనిస్తాం" అన్నాడు. నిరుడు జాతరలో రెండు పొట్టేళ్లు కోయించిన పెద్దమనిషి అన్న మాట అది. ఆయన నోటికి అంటని మైల మా నోటికి ఎట్లా అంటిందో ఎవరూ అడగలేదు.

నాన్న ఏసేపు ఒప్పుకోలేదు. "మన కూడు ఏందో వాళ్లు చెప్పేదేంది?" అన్నాడు.

అమ్మ నా కడుపు వైపు చూపించింది. "నా ఇద్దరు పోయినట్టు దీని బిడ్డా పోవాల్నా?"

దూలానికి వేలాడుతున్న ఎండు మాంసం తునకల దండ తీసి, వేరే ఊళ్లో ఉన్న చెల్లెలికి పంపేసింది. మర్నాటి నుంచి బావినీళ్లు తెచ్చింది.

ఈస్టరు వచ్చింది. పండగ పూట కూడా పప్పేనా అని నాన్న మొహం ముడుచుకున్నాడు. అమ్మ అలసందలు నానబెట్టి, బరకగా రుబ్బి, ముద్దలు చేసి ఆవిరికి ఉడికించి, ముక్కలు కోసింది. లవంగం, చెక్క, ధనియాలు, ఎండుకొబ్బరి నూరి, అచ్చం తునకల కూర చేసినట్టే చేసింది. ఆ వాసనకు నాకే నోరూరింది. ఆ వాసనే మా కొంప ముంచింది.

నీళ్లకు వెళ్లిన అమ్మ ఖాళీ కడవతో తిరిగొచ్చింది. బావి దారికి అడ్డంగా తుమ్మకంప వేశారట. పేట పక్కగా పోతూ వాసన పట్టిన ఊరి హనుమంతమ్మ, జీవమ్మ ఇంట్లో మాంసం ఉడుకుతోందని ఊళ్లో చెప్పిందట. అమ్మ కూర సట్టి నెత్తిన పెట్టుకుని చావడికి నడిచింది. నేను ఆయాసపడుతూ వెనకే వెళ్లాను.

రంగన్న పక్కన, ఆ పూట మళ్లీ ఊరికొచ్చిన ఖద్దరాయన కూడా కూర్చుని ఉన్నాడు.

"పండగ పూట నోరు కట్టుకోలేకపోతివా జీవమ్మా?" అన్నాడు రంగన్న.

"అలసందలు సామీ. నా బిడ్డ మీద ఒట్టేసి చెప్తాండా."

"మసాలా వాసన ఊరంతా కొడ్తాండాది. మాకు తెలీదా?"

"అట్లయితే ఒక్క ముక్క నోట్లో ఏసుకుని చూడండి."

రంగన్న పైపంచె దగ్గరకు లాక్కుని వెనక్కి జరిగాడు. "నీ చేతి కూడు మేం తినాల్నా?"

అమ్మ ఖద్దరాయన వైపు తిరిగింది. "మీరన్నా తిని చెప్పండయ్యా. మనమంతా ఒకటే అంటిరి గదా."

ఆయన సట్టి వైపు చూశాడు, తర్వాత తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "ఈరోజు నాకు ఒక్కపొద్దమ్మా" అన్నాడు. ఒక్కపొద్దట. ఆయన మీసాలకు అంటిన మజ్జిగ ఇంకా ఆరలేదు.

అమ్మ చావడి ముందే ఎండలో చతికిలబడింది. సట్టి ఒళ్లో పెట్టుకుని, ఒక్కో ముక్కా తుంచి, లోపలి అలసంద పొట్టు వాళ్లకు చూపించి నోట్లో వేసుకుంది. అందరూ చూశారు. అది అలసందేనని అందరికీ తెలిసింది. కంప తీయమని ఒక్కడూ అనలేదు.

సట్టి ఖాళీ అయ్యాక లేచింది. "రంగన్నా" అంది. బుద్ధెరిగాక ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఆమెకు అదే మొదటిసారి. "రేపట్నుంచి నాకిష్టమైందే తింటా. నీ బావి నీకాడే పెట్టుకో."

ఇల్లు చేరేసరికి నాకు నొప్పులు మొదలయ్యాయి. అమ్మ నా దగ్గర కూర్చుంది. నాన్న కడవ ఎత్తుకుని వాగు దారి పట్టాడు. నా బిడ్డకు తొలి స్నానం ఆ ఉప్పునీళ్లతోనే చేయించాం.