రాగి సుంకం మీద ఒక పేరా

మా అన్నయ్యకు ఫ్యాన్ల కంపెనీలో వాటాలున్నాయి. ఆ కంపెనీ లెక్కల విభాగానికి పెద్ద మా ఆయనే. ఇంకేం, అన్నయ్య మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే చాలు, మొదలుపెట్టేవాడు.

"ఏం బావగారూ, మీ వార్షిక నివేదికలో 'పరిస్థితిని గమనిస్తున్నాం' తప్ప ఒక్క ముక్కైనా ఉందా? గమనించడానికి మీదేమన్నా వాతావరణ శాఖా? ఉన్నదున్నట్టు చెప్పండి. వాటాదారులం, మేమేం పరాయివాళ్లమా?"

ఆ ఏడాది విదేశీ రాగి తీగ మీద సుంకం వేస్తామని ఒక మంత్రి, అబ్బే వెయ్యమని ఇంకో మంత్రి, రోజుకో మాట అంటున్నారు. రాగి లేనిదే ఫ్యాను లేదు. తక్కిన కంపెనీలన్నీ నోటికి తాళం వేసుకున్నాయి. మా ఆయన మాత్రం అన్నయ్య మాట పట్టుకుని యజమాని దగ్గరికి వెళ్లాడు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అన్నట్టుంది మీ వరస," అన్నాడట యజమాని.

"నిజం చెప్పిన కంపెనీనే జనం నమ్ముతారండీ. పూచీ నాది," అని ఒప్పించాడు పిచ్చి మహానుభావుడు.

'సుంకం పడితే మా లాభం సగమవుతుంది, పడకపోతే ఏ నష్టమూ లేదు' అని నివేదికలో రాశాడు. ఆ పేరా నాకు చదివి వినిపిస్తున్నప్పుడు, పరీక్ష బాగా రాసొచ్చిన పిల్లాడిలా మురిసిపోయాడు.

జనం మొదటి సగమే చదివారు. నివేదిక బయటికొచ్చిన రోజే వాటా ధర దబ్బున పడింది. సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు.

"పొద్దున్నే అన్నీ అమ్మేశానమ్మా. బావగారే అలా రాశాక ఇంకేముంది, కొంప మునిగినట్టేగా!"

"చెప్పమన్నది నువ్వేగా అన్నయ్యా?"

"చెప్పమన్నాను, చెప్పారు, విన్నాను."

ఒళ్లు మండిపోయింది. పెద్దవాడని తిట్టకుండా ఫోన్ పెట్టేశాను. మా ఆయనకు ఉద్యోగమైతే మిగిలింది కానీ, యజమాని ముందు తలెత్తి మాట్లాడడం పోయింది. సుంకం ఇప్పటికీ పడలేదు. పడదని ఎవరూ చెప్పనూ లేదు.

మొన్న అన్నయ్య భోజనానికి వచ్చాడు.

"ఈసారి నివేదిక భేషుగ్గా ఉంది బావగారూ! గుండె గుభేలుమనే మాట ఒక్కటీ లేదు. మళ్లీ కొన్నాను. మనలో మన మాట, అంతా బాగానే ఉందిగా?"

మా ఆయన కూర గిన్నె అన్నయ్య వైపు జరిపాడు.

"పరిస్థితిని గమనిస్తున్నాం బావగారూ."

అన్నయ్య పకపకా నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది.