నలభయ్యో కళ్లజోడు

మా అక్క దొంగ అని మంత్రిగారు మైకు పట్టుకుని చాటారు. విదేశీ సాయంగా కుట్టుపనివాళ్లకు వచ్చిన కళ్లజోళ్లను ఆసుపత్రి నర్సు మింగేసిందట. మా ఆసుపత్రికి ఉన్న నర్సు అక్క ఒక్కతే. ఆయన చూపించిన జాబితాలో నలభై సంతకాలూ ఒకే చేతిరాత. నిజం తేలేదాకా సాయం ఆపేస్తామని జోళ్లు పంపిన దేశం అంది. అక్క ఉద్యోగం గాల్లో దీపమైంది.

మా పత్రికలో ఇలాంటి ఆరోపణల నిజానిజాలు తేల్చే పని నాది.

"మీ అక్క విషయంలో నువ్వొద్దమ్మా," అన్నాడు ఎడిటర్.

"రాసేది మీరే సార్. తిరిగేది నేను. నలభై మందినీ చూసే వస్తా."

కుట్టు షెడ్డులో మేస్త్రమ్మ నా ప్రశ్న విని పకపకా నవ్వింది. "సంతకం పెడితేనే జోడు ఇస్తామన్నారు తల్లీ. జోడు లేకుండా గీత కనబడి చస్తేగా! నర్సమ్మే అందరి పేర్లూ రాసింది."

నవ్వొచ్చినా నమ్మేయలేదు. ఒక్కొక్కరి కళ్లజోడు కాడ మీది నంబరును జాబితాతో సరిచూశాను. జోడు పెట్టించి సంతకం చేయించాను. రెండు రోజుల్లో ముప్పై తొమ్మిది మంది దొరికారు. నలభయ్యో ఆమె పంపిణీకి ముందే పని మానేసి వెళ్లిపోయిందట. అక్కడితో ఆపితే నన్నెవరూ తప్పుపట్టరు. కానీ నాకే నిద్ర పట్టదు.

ఆ జోడు ఏమైందో అడగడానికి నేరుగా అక్క ఇంటికి వెళ్లాను. అక్క దగ్గరే ఉంటున్న అమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. ముక్కు మీద కొత్త కళ్లజోడు. అడిగి తీసుకుని చూశాను. కాడ మీద నలభై.

అక్క మొహం పాలిపోయింది. "మిగిలిపోయిందే. అమ్మ పడే అవస్థ చూడలేక..."

"వెనక్కి పంపాల్సింది కదక్కా! ముప్పై తొమ్మిది జోళ్ల విషయంలో ఆరోపణ అబద్ధమని రాయిస్తాను. ఈ ఒక్కటీ నిజమని కూడా రాయిస్తాను. ఇది దాస్తే మిగతావి ఎవరు నమ్ముతారు?"

అక్క మీద కోపం, అంతకు మించి జాలి. అక్క తలూపింది.

అమ్మ కళ్లజోడు మడిచి నా చేతిలో పెట్టింది.

"ఇచ్చెయ్యవే. రేపు పేపర్లో ఏం వేశారో నువ్వే వచ్చి చదివి వినిపించు. నాకు కనబడదుగా."