కొట్టుగదిలో ప్రార్థన కూటం

పోలీస్ యాక్షన్ అయిన నెలకి, బోయిగూడలో మా మిషన్ బడి మూసేసి, నల్లగొండ వైపు నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళకి శిబిరం పెట్టారు. బెంచీలు బయట వానలో, మనుషులు లోపల. నేను గంజి కాచేదాన్ని. అడుగంటుతుందేమోనని నాకు ఎప్పుడూ భయమే. ఆ భయంలో నీళ్ళు పోస్తూనే ఉండేదాన్ని. నా గంజిని ఎవరూ మెచ్చుకోలేదు.

సుమిత్ర వచ్చి వారమైంది. చంకలో ఎనిమిది నెలల ఆడపిల్ల. దారిలో, జనం తోపులాటలో మొగుడు తప్పిపోయాడు. ఆ దిగులుకి పాలు ఇంకిపోయాయి. పిల్లకి పాలపొడి డబ్బా కావాలి. డబ్బాలు కొట్టుగదిలో ఉన్నాయి, తాళంచెవి కొట్టు చూసుకునే జకర్యా మొలలో ఉంది.

"మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఒక్కదానివే రా, ఇస్తా" అన్నాడట. మర్నాడూ అదే మాట అని చెయ్యి పట్టుకున్నాడట. సుమిత్ర వెళ్ళలేదు. పిల్ల గంజినీళ్ళు తాగి ఏడుస్తూనే ఉంది. మూడోరోజు ఆమె మూట కట్టడం చూశాను. శిబిరం గేటు దాటి వెళ్ళినవాళ్ళలో ఒక్కరైనా మళ్ళీ నా కంటబడలేదు.

"ఎక్కడికే?"

"ఏడికైతేంది? గీడుంటే బిడ్డ సస్తది, లేకుంటే నా మానం పోతది."

పరుగున వెళ్ళి రోసమ్మక్కకి చెప్పాను. ఆమె ఇల్లిల్లూ తిరిగి బైబిలు చదివి వినిపించేది. గొంతెత్తిందంటే అవతల కార్ఖానా బస్తీ దాకా వినబడేది. ఇద్దరం పాస్టరు లూకా అయ్యగారి దగ్గరికి వెళ్ళాం. శిబిరానికి ఆయనే పెద్ద.

"జకర్యా ఆదివారం పిల్లలకి పాటలు నేర్పేవాడమ్మా. సాక్షులున్నారా?" అన్నారు.

"ఒక్కదాన్నే రమ్మన్నాడండీ. సాక్షులు ఎక్కణ్ణించి వస్తారు?" అంది రోసమ్మక్క.

"మరైతే... ప్రార్థనలో పెడతాను" అని ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మంచి మాటన్నారు. రేపే పెడదాం!"

మాలో ఎవరి ఇంట్లో ప్రార్థన కూటం పెడతామన్నా వాళ్ళు కాదనరు. మొదలయ్యాక మోకాళ్ళ మీంచి లేవకూడదు, ఎవరి ప్రార్థనకీ అడ్డు రాకూడదు. మర్నాడు మధ్యాహ్నం, కొట్టుగదిలో ఎలుకల బాధ పోవడానికి ప్రార్థన అని చెప్పి, అయ్యగారి వెనక నలభైమంది ఆడవాళ్ళం లోపలికి దూరాం. జకర్యా నోరు తెరిచేలోపే అయ్యగారు మోకరించారు. ఇక అతనికీ తప్పలేదు.

"ప్రభువా," మొదలుపెట్టింది రోసమ్మక్క, "నీకు తెలియనిదేముంది. అయ్యగారికి తెలియాలి కాబట్టి చెబుతున్నాను."

చెప్పింది. ఏ రోజు, ఏ వేళ, ఏ మాట, పట్టుకున్నది ఏ చెయ్యి, ఏదీ వదల్లేదు.

"ఆమెన్!" అని అరిచాడు జకర్యా.

"ఇంకా అవ్వలేదు తండ్రీ. తొందరపడేవాళ్ళని క్షమించు" అని ఆమె మళ్ళీ అందుకుంది.

నేను ఒక కన్ను తెరిచాను. సుమిత్రకి మా పద్ధతి తెలియదు. కళ్ళు మూయలేదు, మోకరించలేదు. పిల్లని ఎత్తుకుని నిలబడే మాట్లాడింది.

"స్వామీ, నువ్వు వీళ్ల దేవునివి, నేనెవరో నీకు ఎర్క లేదు. గీయన ఒక్కదాన్నే రమ్మంటుండు. నేనొస్తే బిడ్డనెవరు పట్టుకుంటరు? నువ్వు పట్టుకుంటవా? అందరి ముందట ఇస్తే ఈయనకేం తక్లీఫ్?"

వెనకనుంచి ఇంకో గొంతు లేచింది. "నన్ను సుత రమ్మన్నడు స్వామీ, దుప్పటికి."

"నన్ను సబ్బుబిళ్లకి! అది సుత సగం బిళ్ల!"

అయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపారు.

"తాళంచెవి."

అది అరచేతిలో పడ్డాక గానీ ఆయన ఆమెన్ అనలేదు.

ఆ సాయంత్రమే జకర్యాని శిబిరంలోంచి పంపేశారు. అయ్యగారు సుమిత్ర ముందుకొచ్చి, "మొదటే వినాల్సింది తల్లీ, తప్పు నాది" అన్నారు. ఇకమీద ఏ వస్తువైనా వరండాలో, అందరి ఎదుట, ఇద్దరు ఆడవాళ్ళే పంచాలని బోర్డు మీద రాయించారు. మొదటి డబ్బా సుమిత్రకి ఇచ్చారు. ఆమె అక్కడే మూత తీసి, చిటికెడు పొడి పిల్ల నాలుక మీద వేసింది. పిల్ల తుమ్మింది. పొడి ఎగిరి రోసమ్మక్క ముఖమంతా తెల్లగా పడింది.

"వచ్చేవారం కూటానికి కూడా రా సుమిత్రా" అంది ముఖం తుడుచుకుంటూ.

"ఎందుకవ్వా? అడిగింది ఇచ్చిండు గదా మీ దేవుడు. మళ్ల గాయన్ని పరేషాన్ చేసుడెందుకు?" అని, వేణ్ణీళ్ళ కోసం నా పొయ్యి వైపు నడిచింది సుమిత్ర.