విర్యో ఇంటి ముక్కు

సుంబింగ్ కొండ తూర్పు వాలు మీద, గుముక్ ఊళ్ళో, విర్యో ముక్కుకి ఉన్న గౌరవం ఊరి పెద్దకి కూడా లేదు. పొగాకు మాగిందా లేదా అన్నది మిగతావాళ్ళు కళ్ళతో చూసి, వేళ్ళతో నలిపి, గంటసేపు వాదించుకుని తేల్చుకుంటారు. విర్యో అలా కాదు. కొట్టంలోకి వచ్చి, వరసగా నిలబెట్టిన ఆకుచుట్టల మీదికి వంగి, ఒక్కసారి గాలి పీల్చి, "ఎల్లుండి తరగండి" అని వెళ్ళిపోతాడు. ఎల్లుండి తరిగితే ఆకు సరిగ్గా పాకానికి వచ్చి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట తప్పిన గుర్తు ఎవరికీ లేదు.

ఆ ముక్కు పనిచెయ్యటం మానేసిందని ఊరంతటిలో ఒక్క మనిషికే తెలుసు. ఆయన కోడలు వర్సితికి.

వానాకాలంలో ముసలాయనకి పది రోజులు జ్వరం కాసింది. తగ్గాక ఒకరోజు వర్సితి పెరట్లో బట్టలారేసి వచ్చేసరికి పెనం మీద ఉప్పుచేప బొగ్గయిపోయి ఉంది. మామగారు పొయ్యికి జానెడు దూరంలో పీట వేసుకుని, వీపు కాచుకుంటూ, గుమ్మంలోంచి వాన చూస్తున్నారు. ఆ మర్నాడు మూడు వారాల పిల్ల లారాస్ ఆయన ఒళ్ళో దొడ్డికి పోయింది. ఆయన పాట ఆపలేదు. వర్సితి గబగబా వెళ్ళి పిల్లని తీసుకుంది గానీ మాట్లాడలేదు. మొగుడు జుమాదీకీ చెప్పలేదు.

వర్సితి దేనికైనా భయపడే మనిషి. పిల్ల తుమ్మితే భయం, చాలాసేపు తుమ్మకపోతే భయం. ఇరవై రెండేళ్ళు. తొమ్మిదో తరగతి మధ్యలో, తండ్రి పోయిన ఏడాది, పొగాకు పనికి మనుషులు చాలక బడి మానేసింది. తనకి తెలిసినవి తక్కువ అని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే కడుపుతో ఉన్నప్పుడు మూడిళ్ళ అవతల ఉల్లిపాయ వేయించినా వాసన పట్టే ఆ గుణం కాన్పయ్యాక కూడా పోలేదు. పిల్లకి చెవిలో చీము పట్టిన సంగతి జ్వరం రాకముందే వాసనని బట్టి కనిపెట్టింది. నర్సమ్మ ఆశ్చర్యపోతే, తనేదో తప్పు చేసినట్టు తల దించుకుంది.

ఆ ఏడు కింది ఆకులకి ఇబ్బంది రాలేదు. కింది ఆకు మాగటానికి మూడు రోజులు, నడిమి ఆకుకి నాలుగైదు. విర్యో రోజులు లెక్కపెట్టి నెట్టుకొచ్చాడు. పై ఆకు దగ్గరికి వచ్చేసరికి లెక్కలు పనికిరావు. కింది ఆకులు ఇల్లు గడవటానికి, పై ఆకు ఇంటి పేరుకి. ఆ పేరు చిట్టచివర పై ఆకు కోసే ఆరో తెంపు మీద ఆధారపడి ఉంటుంది.

ఆరో తెంపు తెచ్చి నిలబెట్టిన ఆరో రోజున చుట్టల మీద పసుపు రంగు బూజు కనబడింది. మర్నాటికి ఆకు చెమర్చి జిగురు కారటం మొదలుపెట్టింది. పక్క కొట్టం వాడు కర్సో, విర్యోకి స్వయానా తమ్ముడు, తలుపులోంచి తొంగి చూశాడు.

"ఏంట్రా జుమాదీ, ఆకు మాగబెడుతున్నావా, ఎరువు చేస్తున్నావా?"

"నీ కొట్టంలో పనిలేని ఈగలన్నీ ఇక్కడికొచ్చాయి బాబాయ్."

"ఈగలకి తెలుసురా, విందెక్కడో."

జుమాదీ నవ్వాడు గానీ మొహంలో నవ్వు లేదు. తండ్రిని పిలుచుకొచ్చాడు. విర్యో చుట్టల మీదికి వంగాడు. పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఇదివరకు ఎప్పుడూ రెండోసారి పీల్చి ఎరగడు. బూజు వైపు చూశాడు, కారుతున్న జిగురు చూశాడు.

"రేపు తెల్లారకముందే తరిగెయ్యండి" అన్నాడు. "ఉన్నంతలో దక్కించుకుందాం."

"అదీ మాట!" అన్నాడు కర్సో.

జోలెలో పిల్లని వేసుకుని వర్సితి గుమ్మంలోనే నిలబడి ఉంది. కర్సో ఎదురుగా మామగారి మాటకి అడ్డం చెప్పడమంటే ఆయన తలపాగా లాగి నేలకేసి కొట్టడమే. కానీ ఆ కొట్టంలోంచి వస్తున్నది కుళ్ళు వాసన కాదు.

విర్యో కొట్టం వెనక వెదురుగొట్టం నీళ్ళ దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఆమె వెనకే వెళ్ళింది.

"మామయ్యా."

"ఏం తల్లీ?"

"ఆకు కుళ్ళలేదు మామయ్యా."

"నేను వాసన చూశాను కదమ్మా."

వర్సితి తన కాళ్ళకేసి చూసుకుంది. "మీకు వాసన తెలియటంలేదు కదా మామయ్యా."

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆయన కడిగిన చేతులే మళ్ళీ కడిగాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఉప్పుచేప మాడిన రోజునుంచి."

"ఏ చేప?"

"అదే మామయ్యా. అదీ తెలియలేదు మీకు."

ఆయన పెదవి చివర ఏదో కదిలింది. "మీ ఆయనకి చెప్పావా?"

"లేదు."

"మీ అమ్మకి?"

"లేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎవరితో చెప్పుకున్నావే?"

"లారాస్‌తో."

ముసలాయన నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ఆ తడి చేతులదే అన్నట్టు చేతులు దులిపాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఎలా ఉంది వాసన?"

"తలుపులు మూసిన గదిలో పనసపండు పెట్టినట్టు. కింద పులియబెట్టిన కర్రపెండలం తీపి. ఇంకా వెనక బెల్లం పాకం."

"మురుగు వాసన? ఎలక చచ్చినట్టు?"

"ఉంది. కిటికీ మూల మూడు చుట్టల్లో మటుకే. ఆ మూడూ తీసెయ్యాలి."

విర్యో కొట్టంలోకి వెళ్ళాడు. కర్సో, జుమాదీ తరుగుడు బల్ల సర్దుకుంటున్నారు. కిటికీ మూల మూడు చుట్టలు పైకి మిగతావాటిలాగే ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పాడు. మూడింటి నడిమి ఈనెలూ పేడలా మెత్తబడి ఉన్నాయి. వాటిని అవతల పారేసి నాలుగోది విప్పి చూశాడు. ఈనె గట్టిగా, ఆకు నల్లగా, తేనె రాసినట్టు ఉంది.

ఎప్పుడో అరుదుగా దొరికి, మామూలు ఆకుకి ఎన్నో రెట్లు ధర పలికే ఆ నల్ల ఆకుకి ఒక పేరుంది. కత్తి పడేదాకా ఆ వాలు మీద ఎవరూ దాన్ని నోట పలకరు. పలికితే అది పోతుంది. విర్యో బయటికొచ్చి కోడలి పక్కన కూర్చున్నాడు.

"జీవితంలో రెండేసార్లు చూశానమ్మా ఆ వాసన. మీ అత్త కాపరానికి వచ్చిన ఏడు ఒకసారి, జుమాదీ నడక నేర్చిన ఏడు ఒకసారి. ఎన్ని రోజులు ఆగాలని అడక్కు. ఆ పనసపండులోంచి ఒక ఘాటు లేస్తుంది, లవంగం కొరికినట్టు. అది లేచిన పూటే తరగాలి. ముందు తరిగితే మామూలు ఆకు. పూట దాటితే ఎరువే."

"మామయ్యా, నాకు తప్పయితే?"

"తప్పయితే ఈ ఏడాది పై ఆకంతా పోతుంది" అన్నాడాయన, అబద్ధం చెప్పలేక. "నాకైతే ఆ మాత్రం కూడా తెలీదుగా."

రేపు తరగొద్దని విర్యో చెప్పగానే కర్సో బల్ల మీద చెయ్యి వేసుకుని పగలబడి నవ్వాడు.

"పూటకో మాట చెప్తున్నావేంటన్నయ్యా? ఇందాక ముక్కుతో చూశావు, ఇప్పుడు దేంతో చూశావు?"

ఆ సాయంత్రం జుమాదీ భార్యని నిలదీశాడు. "లారాస్ అమ్మా, నువ్వు మా నాన్నకేం చెప్పావు?"

"పిల్ల సంగతే" అంది వర్సితి. మొగుడికి అబద్ధం చెప్పినందుకు ఆమెకి అన్నం సహించలేదు.

ఆ తర్వాత రెండు రోజులూ ఆమె పాలిచ్చినా, వండినా, బట్టలుతికినా ధ్యాసంతా కొట్టం మీదే. గంటకోసారి లోపలికి వెళ్ళొచ్చేది. విర్యో కత్తి నూరే మిషతో గుమ్మం బయటే కూర్చునేవాడు. ఆమె వస్తుంటే తలెత్తి చూసేవాడు, ఆమె అడ్డంగా తల ఊపేది. అంతే. కత్తి మాత్రం ఆ రెండు రోజుల్లో వెంట్రుకని నిలువునా చీల్చేంత పదునెక్కింది. జిగురు నేల మీదికి కారింది. దారిన పోయేవాళ్ళు ముక్కులు మూసుకోవటం మొదలుపెట్టారు. ఒకావిడ "పాపం విర్యోకి వయసు మీద పడింది" అనడం వర్సితి చెవిన పడింది. తనవల్ల మామగారు నవ్వులపాలవుతున్నారు. తను ఎవరనీ? సగం చదువు, సగం ధైర్యం. పోయి తరిగెయ్యమందామా అని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళింది. రెండుసార్లూ ఆ పనసపండు వాసనే ఆమెని ఆపింది. అది నిజం. తన భయం ఎంత నిజమో అదీ అంతే నిజం.

మూడో రోజు మధ్యాహ్నం కొండ మీదినుంచి పొగమంచు దిగింది. క్యాబేజీ మడులు, రాతి గట్లు, ఎదురింటి కప్పు అన్నీ మాయమయ్యాయి. పిల్లకి పాలిస్తున్న వర్సితి చటుక్కున తలెత్తింది. పిల్లని భుజాన వేసుకుని కొట్టంలోకి పరిగెత్తింది. పీల్చింది. నమ్మలేక బయటికొచ్చి, చల్లటి గాలితో ముక్కు కడుక్కున్నట్టు నాలుగుసార్లు ఊపిరి తీసి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. లవంగం. పంటి కింద నలిగినంత స్పష్టంగా.

"మామయ్యా, ఇప్పుడే."

విర్యో ఇంకోమాట అడగలేదు. "జుమాదీ! బల్ల ఎక్కు. తరగాలి."

జుమాదీ ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. "ఇప్పుడా? ఈ మంచులోనా? తెల్లారగట్ల తరిగి ఎండ రాగానే ఆరబెడతారు గానీ, మధ్యాహ్నం మంచులో ఎవరైనా తరుగుతారా నాన్నా?"

అరుపులకి కర్సో వచ్చాడు, కర్సో వెనక పదిమంది వచ్చారు. "తరిగితే రాత్రంతా తడిగా పడి ఉంటుందిరా, పొద్దునకి పేడ ముద్దే" అన్నారెవరో.

"ఇప్పుడే తరుగు" అన్నాడు విర్యో.

జుమాదీ కత్తి బల్ల మీద పడేశాడు. "నాన్నా, నీకు మతి పోయిందా?"

"మతి కాదురా, ముక్కు పోయింది."

ముసలాయన నిటారుగా నిలబడి ఉన్నాడు. తలపాగా కూడా సర్దుకోలేదు.

"వానల్లో జ్వరంతో పోయింది. చెప్పుకోవటానికి సిగ్గుపడి మీ అందరి ముందూ ఉత్తి గాలి పీలుస్తూ వచ్చాను. మొన్న తరగమన్నది నేను, నాకేమీ తెలియక. ఆగమన్నది నీ పెళ్ళాం. ఇప్పుడే అంటున్నదీ నీ పెళ్ళామే. ఈ ఇంట్లో ముక్కున్నది దానికి. తరుగు."

జుమాదీ వర్సితి వైపు తిరిగాడు. పదిమందీ తిరిగారు. పిల్ల ఆమె జుట్టు పట్టుకుని లాగుతోంది. "రేపు పొద్దున" అంటే చాలు, ఎవరూ ఏమీ అనరు. తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది.

"నిజమేనా లారాస్ అమ్మా?"

"నిజమే" అంది. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ఇప్పుడే. రేపటికి ఉండదు."

జుమాదీ బల్ల ఎక్కి కూర్చుని కత్తి తీసుకున్నాడు. మొదటి చుట్ట బల్లకున్న కొయ్యగాడిలోకి తోసి కత్తి దించాడు. మామూలు ఆకైతే జుట్టులా సన్నటి పోగులు రాలతాయి. ఇది రాలలేదు. కత్తికి అతుక్కుని, నల్లగా, మెరుస్తూ, ఎండు ఖర్జూరం ముద్దలా కింద పడింది. రెండోది అంతే. మూడోది అంతే. ముసురుకున్న ఈగలు కొట్టం వదిలిపోలేదు గానీ మనుషులు ముక్కుల మీదినుంచి చేతులు తీసేశారు. ఆ వాసన వాళ్ళందరికీ ఇప్పుడు తెలుస్తోంది.

"స్రింతిల్" అన్నాడు జుమాదీ, అంతదాకా పలకని ఆ పేరు పైకి పలికేస్తూ. "నాన్నా, స్రింతిల్!"

కర్సో ఆ నల్ల ముద్ద ఒకటి అరచేతిలోకి తీసుకుని చాలాసేపు వాసన చూస్తూ ఉండిపోయాడు.

స్రింతిల్‌కి మంచు అడ్డం కాదు. తడిలో పడుకున్నకొద్దీ నల్లబడుతుంది. మర్నాడు ఎండ రాగానే వాళ్ళ వాకిలి నిండా వెదురు తడికెల మీద అది పరిచారు. పై ఊళ్ళనుంచి కూడా మనుషులు దిగి వచ్చి చూసి వెళ్ళారు. వర్సితి తడికెలు తిప్పుతుంటే కర్సో వచ్చి వాకిలి చివర నిలబడ్డాడు. కాసేపు గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యా, మా పై ఆకు ఒకసారి చూడాలి."

విర్యో తడికె మీదినుంచి తలెత్తలేదు. "నన్నెందుకడుగుతావు?"

కర్సో వర్సితి వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఒకసారి వస్తావా?"

"వస్తావా ఏంట్రా?" అన్నాడు విర్యో. "వస్తారా అనాలి. ముప్ఫై ఏళ్ళు ఊరు నన్నెలా పిలిచిందో అలా పిలువు."

వాకిట్లో వాళ్ళంతా ఘొల్లుమన్నారు. కర్సో చెవులు ఎర్రబడ్డాయి. "కాస్త వచ్చి చూస్తారా?" అన్నాడు, నేల చూస్తూ.

వర్సితి మొహం కూడా ఎర్రబడింది. చేతులు కడుక్కుని, లారాస్‌ని జోలెలో వేసుకుని బయల్దేరింది. జుమాదీ వెనకే నడిచాడు, నాలుగడుగుల దూరంలో, ఎవరూ అడగకపోయినా దారిలో అందరికీ "మా ఆవిడ" అని చెప్పుకుంటూ.

కర్సో కొట్టంలో చుట్టల మీద అదే పసుపు బూజు. అదే జిగురు. కర్సో భార్య చేతులు జోడించి ఓ మూల నిలబడింది. వర్సితి వంగి పీల్చింది. ఒక్కసారే. తలెత్తి వాళ్ళ కళ్ళల్లో ఆశ చూసింది. తీపి మాట చెప్పటం ఎంత తేలికో అర్థమైంది. మామగారు ముప్ఫై ఏళ్ళూ ఆ తేలిక మాట చెప్పలేదని కూడా అర్థమైంది.

"ఇందులో అది లేదు చిన్నమామయ్యా. మంచి ఆకే, కానీ అది కాదు. ఎడంవైపు వరసలో మురుగు మొదలైంది. రేపు తెల్లారగట్ల తరిగెయ్యండి. ఆగితే పోతుంది."

కర్సో దవడ బిగుసుకుంది. అదే బూజు, అదే జిగురు. ఎదురు మాట్లాడతాడని జుమాదీ ఒక అడుగు ముందుకు వేశాడు. కర్సో చుట్టల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, ఎడంవైపు వరసలో ఒక చుట్ట లాగి విప్పాడు. మెత్తబడ్డ ఈనె వేలికి అంటుకుంది.

"విన్నావుగా" అన్నాడు భార్యతో. "కత్తి నూరించు."

బయటికొచ్చేసరికి వీధిలో ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు, పిలవడానికి మొహమాటపడుతూ. వర్సితి ముగ్గురినీ చూసింది. ఎవరి ఆకు ఎన్నో రోజున ఉందో అడిగింది. తర్వాత, పిల్లని ఇంకో వైపుకి మార్చుకుని, ముందు ఏ ఇంటికి నడవాలో తనే చెప్పింది.