తువ్వాల కింది కుందేళ్లు

మా డైరెక్టరు గారికి ఒక మనిషి కావలసి వచ్చాడు. సైన్సు ముక్క రాకూడదు, మా కంపెనీ జీతం తినకూడదు, పిలిస్తే రావాలి. జంతువుల మీద ప్రయోగాలు చేసే ప్రతి చోటా ఒక నైతిక సంఘం ఉండాలనీ, అందులో ఇలాంటి బయటి మనిషి ఒకరు కూర్చోవాలనీ నిబంధన. అదివరకటి రిటైర్డు బ్యాంకు మేనేజరు మోకాళ్ల ఆపరేషనుకని వెళ్లి మళ్లీ ఇటు తొంగిచూడలేదు. ఆయన లేక ఫైళ్లన్నీ ఆగిపోయాయి.

"మీది ఈ పక్క ఊరే కదా సునీలా, ఎవరినైనా చూడండి. నెమ్మదస్తుడైతే చాలు," అన్నారు డైరెక్టరు గారు.

నెమ్మదస్తుడట! నాకు ఒళ్లు మండింది. నేను ఆ ల్యాబులో పశువైద్యురాలిని. సైంటిస్టులు కాగితం మీద ఇన్ని కుందేళ్లు, ఇన్ని ఎలుకలు అని రాసుకుని సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతారు. ప్రయోగం అయ్యాక వాటన్నిటికీ ఆఖరి సూది వేసేది నేను. ఒక్కొక్కదాని చెవి పట్టుకుని, నరం వెతికి, కళ్లలోకి చూడకుండా. ఆ సంఖ్య తగ్గితే నాకు అన్నం సయిస్తుంది, లేకపోతే లేదు. అందుకే కావాలనే మొగులయ్య మామను తీసుకెళ్లాను.

మొగులయ్య మామ గొర్రెల సంతలో పేరు మోసిన దళారి. మా నాన్న మత్తయ్య, చర్చి విందులకు మేకలను ఆయన చేతనే బేరం ఆడించేవాడు. ఎయిర్‌పోర్టు వచ్చాక మేత భూములు పోయాయి, మామ వ్యాపారమూ పోయింది. నోరు మాత్రం పోలేదు.

మొదటి మీటింగుకు ఇస్త్రీ ధోవతి కట్టి, భుజాన ఎర్ర తువ్వాల వేసుకుని వచ్చాడు. అత్తాపూర్ నుంచి వచ్చే పూర్ణిమ అనే కుర్ర సైంటిస్టు గాయాలు మానే మందు గురించి గడగడా చెప్పి, "మొత్తం అరవై కుందేళ్లు కావాలండీ," అని ముగించింది.

మామ టీ కప్పు కింద పెట్టాడు. "అరవయ్యా? గన్ని ఏం జేస్కుంటవ్ బిడ్డా? ఇంట్ల పెండ్లి గిట్ల ఉన్నదా?"

"కాదండీ, లెక్క ప్రకారం..."

"లెక్క తర్వాత. జర చెయ్యియ్యి."

ఆ పిల్ల తెల్లబోయి చెయ్యి చాచింది. మామ తువ్వాల తీసి ఆ చేతి మీద కప్పి, కింద నుంచి వేళ్లు పట్టుకున్నాడు. సంతలో బేరం అలాగే జరుగుతుంది. పైకి ఏవేవో అరుస్తారు గానీ అసలు ధర తువ్వాల కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారు, చుట్టూ మూగినవాళ్లకు తెలియకుండా.

"మూడు వేళ్లు నొక్కారు! అంటే ఎంతండీ?" అని పూర్ణిమ అందరికీ వినబడేలా అడిగింది.

"గట్ల మొత్తుకుంటే ఇగ తువ్వాల ఎందుకు? ముప్పై!"

నలభై దగ్గర తెగింది. డైరెక్టరు గారు సంబరపడిపోయి, 'జంతువుల సంఖ్య తగ్గించడమైనది' అని మినిట్సులో రాయించారు. ఆ రోజు మామ ప్లేటులో సమోసాలు నేనే ఎక్కువ వేయించాను.

ఇక మామను పట్టేవాడు లేడు. మామిడిపల్లి చౌరస్తాలో కనబడిన ప్రతివాడినీ ఆపి, "మొన్న ఇరవై పానాలు కాపాడిన," అని చెప్పేవాడు. ఆయన భార్య రుక్మిణమ్మ అత్త ఊరుకుంటుందా? "నా కోళ్లేం పాపం జేసినయి? ఐతారం రాంగనే కొయ్యి కొయ్యి అని సంపుతవు," అని దులిపేసేది.

ఏడాది గడిచేసరికి ప్రతి మీటింగులోనూ తువ్వాల లేచేది, సంఖ్య సగానికి పడేది. అయినా నా సూదులు తగ్గినట్టే అనిపించలేదు. ఒకరోజు క్యాంటీనులో మధు అనే సైంటిస్టు నవ్వుతూ అసలు సంగతి చెప్పేశాడు.

"ముసలాయన ఎలాగూ సగం కోస్తాడు కదా మేడమ్. అందుకే అందరం రెట్టింపు రాస్తున్నాం."

ఛీ, ఇంతా చేసి ఇదా! పక్కనే తింటున్న పూర్ణిమ మీద విరుచుకుపడ్డాను. "నీకేమైంది? నువ్వైనా ఉన్న మాట చెప్పలేవా?"

"చెబితే ఆయన అదీ కోస్తారు మేడమ్."

"ఎలా కోస్తాడో నేను చూస్తాగా!"

ఆ పిల్ల నా మాట నమ్మింది. తర్వాతి మీటింగులో తన కొత్త లేపనానికి ఉన్నదున్నట్టు ఇరవై నాలుగు కుందేళ్లు అడిగింది. తువ్వాల లేచింది. పన్నెండు!

"మామా, ఆగు! ఆ పిల్ల నిజమే చెప్పింది," అని అరిచాను.

"అమ్మెటోడు ఎన్నడన్న అబద్ధమని చెప్తడా బిడ్డా?" అని మామ నవ్వాడు.

"తగ్గించమని రోజూ పోరేది మీరే కదా సునీలా?" అన్నారు డైరెక్టరు గారు. సంతకాలు అయిపోయాయి.

పన్నెండు కుందేళ్లలో సగానికి లేపనం రాశారు, సగానికి రాయలేదు. రాసినవాటిలో కొన్ని మానాయి, రాయనివాటిలోనూ కొన్ని మానాయి. మందు గుణమో, కుందేలు గుణమో తేల్చడానికి పన్నెండు చాలలేదు. పన్నెండింటికీ నేను సూది వేశాను. పూర్ణిమ మెట్ల దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మరుసటి మీటింగులో ఆ పిల్ల మళ్లీ లేచి నిలబడింది. "ఇరవై నాలుగు కుందేళ్లు. అదే లేపనం."

"గదేంది? మొన్న పన్నెండు ఇస్తిమి గదా?"

"సరిపోలేదండీ. ఏదీ తేలలేదు. మొదటి నుంచి చెయ్యాలి."

"మరి ఆ పన్నెండు?"

అందరూ సమోసాల వైపు చూస్తున్నారు. నేనే చెప్పాను. "పోయినయి మామా. నా చేతుల మీదనే."

"ఉత్తగనేనా?"

"ఉత్తగనే."

మామ ముఖం చిన్నబోయింది. "సంతల ధర తగ్గిస్తే గొర్రె బతకకున్నా కొన్నోనికి పైసలన్న మిగులుతుండె. ఈడ నేనేం మిగిలిచ్చిన?" అన్నాడు. భుజం మీది తువ్వాల తీశాడు. "చెయ్యియ్యి బిడ్డా. పైకి చెప్పేది సంతకు, తువ్వాల కింద చెప్పేది మనకు. దీని కింద మాత్రం అబద్ధమాడొద్దు."

పూర్ణిమ రెండు వేళ్లు నొక్కింది, తర్వాత నాలుగు. మామ ఒక్కటి కూడా కోయలేదు. "ఇగ నువ్వు రా," అని మధు వైపు తిరిగాడు. అంతకుముందే మూడొందల ఎలుకలు అడిగిన మధు చెమట తుడుచుకుంటూ చెయ్యి పెట్టాడు.

"నోటితోని మూడొందలు, చేతితోని నూటయాభై! రాస్కోండ్రి సార్," అన్నాడు మామ. దీన్ని మినిట్సులో ఏ ముక్కల్లో రాయాలో తెలియక డైరెక్టరు గారు తల పట్టుకున్నారు.

మీటింగు అయ్యాక మామ మొదటిసారి కుందేళ్ల గదికి వచ్చాడు. పైన విమానం దిగుతుంటే కుందేళ్లు వెనక కాళ్లతో నేలను దబదబా కొట్టాయి. వాటిని చూస్తూ, "సూది ఏసే దినం నాకు చెప్పు," అన్నాడు.

ఈసారి తేలింది. లేపనం పనిచేసింది. ఆ మాటా, సూది వేసే రోజూ ఫోనులో చెబితే, ఆ రోజు మామ పొద్దున్నే వచ్చాడు. మొదటి కుందేలు నా చేతుల్లో గిలగిలా కొట్టుకుంటుంటే భుజం మీది ఎర్ర తువ్వాల తీసి దాని మీద కప్పాడు. అది సద్దుమణిగింది. నరం కోసం తువ్వాల కిందికి చెయ్యి పోనిస్తే మామ వేళ్లు తగిలాయి. ఇరవై నాలుగూ అయ్యేదాకా ఆయన ఆ చెయ్యి తియ్యలేదు.